తరగతి గదిలో ట్యాబ్: ఎవరి చేతికి, ఏ పాఠానికి?

(గిడుగు రామమూర్తి జయంతి సందర్భంగా చేసిన స్మారకోపన్యాసం పాఠం)

పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పుకుంటున్న గిడుగు వెంకట రామమూర్తి పంతులుకు, చుట్టుపక్కల కొండల మీది సవరల భాష నేర్చుకోవలసిన ఉద్యోగ అవసరం ఏమీ లేదు. అయినా నేర్చుకున్నారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన మనిషిని దగ్గర పెట్టుకుని ఒక్కో మాటా రాసుకున్నారు. తెలుగు లిపిలో సవర పిల్లలకు వాచకాలు తయారుచేశారు. తరవాత వ్యాకరణమూ నిఘంటువూ కట్టారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బళ్లు పెట్టమన్నారు. లోకం ఆయన్ను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఎక్కువగా తలుచుకుంటుంది. కాని ఆ ఉద్యమం మూలం పండితుల సభలో లేదు, పాఠం చెప్పే మాస్టారి ఇబ్బందిలో ఉంది. పుస్తకంలో ఉన్నదానికీ ఎదురుగా కూర్చున్న పిల్లవాడికి తెలిసినదానికీ మధ్య ఎంత దూరం ఉందో రోజూ చూసిన మనిషి ఆయన. అందుకే తరగతి గదిలోకి ట్యాబ్, పెద్ద తెర, ఆన్‌లైన్ పాఠం వచ్చిన ఈ రోజుల్లో, ఆ దూరం తగ్గిందా పెరిగిందా అని అడగడానికి ఆయన జయంతి తగిన సందర్భం.

తెలుగువారికి ఇది ఊహాగానం కాదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి చదివే 4,59,564 మంది పిల్లలకు, 59,176 మంది టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా పరికరాలు చేరాయి. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది. అందులో మరో 4 లక్షలకు పైగా ఇచ్చారు. దేశంలో ప్రభుత్వ బడి పిల్లలకు ఇంత పెద్ద సంఖ్యలో ట్యాబ్‌లు ఇచ్చిన రాష్ట్రాలు అరుదు. బైజూస్ సంస్థ పాఠాలను వాటిలో ముందే నింపి ఇవ్వడం వల్ల నెట్ లేని ఊళ్లో కూడా వీడియో పాఠం చూసే వీలు కలిగింది. కూలి పనికి వెళ్లే తల్లిదండ్రుల ఇంటికి కొత్త పరికరం రావడం చిన్న సంగతి కాదు. పట్నంలో డబ్బున్న పిల్లలకు ఉన్నది పల్లెలో తమ బిడ్డకూ వచ్చిందన్న సంతోషం ఆ ఇళ్లలో నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసిపారేసేవారికి ఆ ఇళ్ల సంగతి తెలియదనుకోవాలి.

అయితే ఆ పాఠాల యజమాని ప్రభుత్వం కాదు. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠ్యపుస్తకం అచ్చువేసిన ముద్రాపకుడు వ్యాపారం మూసేసినా పుస్తకం పిల్లవాడి సంచిలోనే ఉంటుంది. మరో ముద్రాపకుడు దాన్ని మళ్లీ అచ్చువేయగలడు. కంపెనీ పాఠం అలా కాదు. దాన్ని సవరించే హక్కు, కొత్త సిలబస్‌కు మార్చే హక్కు, తప్పు దొరికితే దిద్దే హక్కు టీచరుకూ లేదు, విద్యాశాఖకూ లేదు. ఇంత పెద్ద పంపిణీకి ముందు గట్టిగా అడగవలసిన ప్రశ్న అదే. ఇకముందు ఏ రాష్ట్రమైనా ఇలాంటి పని తలపెడితే పరికరం ధర కంటే ముందు పాఠం హక్కుల కాగితం చదవాలి.

పరికరం మీద పెట్టుకున్న ఆశలు తెలుగు నేలకు కొత్త కావు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా టీవీ పాఠాలు వచ్చాయి. దాన్నే ‘సైట్’ ప్రయోగం అన్నారు. కోళ్లదొడ్డికి వాడే వల లాంటి తీగజాలంతో చేసిన యాంటెన్నాలు, ఊరందరికీ కలిపి ఒక టీవీ, పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. తెలుగులో కూడా తయారయ్యాయి. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని దాని సొంతదారులు వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రయోగంలో అందరూ టీవీ చుట్టూ మూగిన పిల్లల ఫొటోలనే గుర్తుపెట్టుకున్నారు. దానికంటే గొప్ప పని ఒకటి అందులో పక్కన జరిగింది. దాదాపు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు ఎలా చెప్పాలో నేర్పారు. టీవీ పాఠం ఒక్కటే కాక రేడియో, అచ్చు పుస్తకం, చేత్తో చేసే ప్రయోగాలు కలిపిన శిక్షణ అది. టీవీ వెళ్లిపోయాక మిగిలేది టీచరేనని ఆ శిక్షణ రూపొందించినవాళ్లకు తెలుసు.

2011 అక్టోబరులో కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విడుదల చేసిన ‘ఆకాశ్’ ట్యాబ్ మరో మజిలీ. 35 డాలర్ల ట్యాబ్‌గా ప్రపంచ పత్రికలన్నింటికీ ఎక్కిన ఆ పరికరం తొలి విడత హైదరాబాద్‌లోనే తయారైంది. బ్యాటరీ త్వరగా అయిపోవడం, తెర సరిగ్గా స్పందించకపోవడం అన్న ఫిర్యాదులతోనే అది చర్చల్లోంచి తప్పుకుంది. దాన్ని ఇంతకన్నా తవ్వనక్కరలేదు. చవక పరికరం చవకగానే పనిచేసింది.

అసలు చూడవలసింది పరికరం బాగా పనిచేసినప్పుడు ఏమవుతుందన్నది. పెరూ దేశం ఆ ప్రశ్నకు పెద్ద ఎత్తున జవాబు చెప్పింది. నికొలస్ నెగ్రొపాంటే ‘ఒక బిడ్డకు ఒక ల్యాప్‌టాప్’ పిలుపు అందుకుని ఆ ప్రభుత్వం 8 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొన్నది. 319 గ్రామీణ బళ్లలో పరిశోధకులు లెక్కకట్టారు. ల్యాప్‌టాప్‌లు అందిన బళ్లలో తలకు ఒకటికి పైగా చేరాయి. గణితంలో గాని, భాషలో గాని పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. యంత్రాలు పాడవలేదు, పిల్లలు వాటిని వదిలేయనూ లేదు. వాటితో ఏ పాఠం, ఎవరు, ఎప్పుడు అన్నది మాత్రం ఎవరూ నిర్ణయించలేదు.

గుజరాత్‌లో జరిగిన రెండు అధ్యయనాలు ఇంకా నిశితంగా చెబుతాయి. వడోదరలో నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఇద్దరిద్దరు ఒక కంప్యూటరు ముందు కూర్చుని లెక్కల ఆటలు ఆడారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ దుఫ్లో, వారి సహచరులు పరిశీలించి చూస్తే గణితంలో మంచి మెరుగుదల కనిపించింది. ఏడాది గడిచాక అందులో చాలా భాగం కరిగిపోయింది కూడా. అదే రాష్ట్రంలో జ్ఞానశాల అనే స్వచ్ఛంద సంస్థ బళ్లలో లీ లిండెన్ చేసిన పరిశీలన ఇంకా విలువైనది. ఒక ఏడాది టీచరు పాఠం వదిలేసి ఆ గంటలో పిల్లలను కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టారు. మరుసటి ఏడాది బడి వేళ కాకుండా అదనంగా కూర్చోబెట్టారు. బడి వేళలో టీచరు స్థానాన్ని యంత్రం తీసుకున్నప్పుడు పిల్లలు వెనకబడ్డారు, అదీ కొద్దిగా కాదు. అదనంగా వచ్చినప్పుడు ముందుకు వెళ్లారు. పాఠాల తీరు మారలేదు, మారిందల్లా టీచరు ఎక్కడున్నారన్నదే. మన రెండు రాష్ట్రాల్లో ఏ పాఠశాలకైనా పెద్ద తెర బిగించే ముందు ఈ ఒక్క అధ్యయనం హెచ్‌ఎంల కాంప్లెక్స్ సమావేశంలో చదివి వినిపించడం మంచిది.

ఢిల్లీ కథ ఇంకా ఆశ కలిగిస్తుంది. 2015లో పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ 619 మంది ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుని, లాటరీ వేసి కొందరికి ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్‌తో నేర్పే కేంద్రాల్లో ఉచితంగా చోటిచ్చారు. బడి అయ్యాక గంటన్నర. అందులో సగం కంప్యూటరు ముందు, సగం పన్నెండు నుంచి పదిహేను మందితో ఒక బోధకుడి దగ్గర. ముందుగా పెట్టిన పరీక్షలో తేలిందేమిటంటే, ఆరో తరగతి పిల్లలు సగటున గణితంలో రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆ దూరం పెరుగుతూనే పోయింది. అంటే ఆరో తరగతి పుస్తకం తెరిచి కూర్చున్న గదిలో మూడో తరగతి లెక్కల దగ్గరే ఆగిపోయిన పిల్లలు సగం గదికి పైగానే ఉండవచ్చు. టీచరు ఎంత బాగా చెప్పినా ఆ పాఠం వాళ్ల తల మీదుగా పోతుంది.

అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ చేసిన పని ఒక్కటే: పిల్లవాడు ఉన్న చోటు కనిపెట్టడం. మూడింట ఒకటీ నాలుగింట ఒకటీ కలిపితే ఎంత అని అడిగితే చాలా మంది పిల్లలు ఏడింట రెండు అని రాస్తారు. పైనున్నవి పైనున్నవాటితో, కిందున్నవి కిందున్నవాటితో కలిపేస్తారు. ఎర్ర సిరాతో అడ్డగీత గీస్తే ఆ పొరపాటు ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. ప్రశ్న మీద ప్రశ్న మారుస్తూ పోయే యంత్రం, ఈ పిల్లవాడికి హారం అంటేనే అర్థం కాలేదని గ్రహించి, ఒక రొట్టెను మూడు ముక్కలు చేసే బొమ్మ దగ్గరకు వెనక్కి తీసుకెళ్తుంది. యాభై మంది ఉన్న గదిలో ఏ టీచరూ ఒక్కొక్కరికీ ఆ పని చేయలేరు. చేయాలన్న మనసు లేక కాదు, వేళ లేక. నాలుగున్నర నెలల తరవాత లాటరీలో చోటు దొరికిన పిల్లలు దొరకనివాళ్ల కంటే గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాలు పైన ఉన్నారు. గణితం సంగతి మామూలు మాటల్లో చెప్పాలంటే, నూరు మందిలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్ల అరవై నాలుగో స్థానానికి ఎక్కినట్టు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఆ పిల్లల బడి పరీక్షల గణితం మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. రెండో తరగతి లెక్కల నుంచి నాలుగో తరగతి లెక్కలకు ఎదిగిన పిల్లను ఏడో తరగతి ప్రశ్నపత్రం గుర్తించలేదు. ఆ ఎదుగుదల నిజం. దాన్ని కొలిచే పరీక్ష మన బళ్లలో లేదు. ఈ ముక్క అర్థమైన విద్యాధికారి ముందు ప్రశ్నపత్రం సంగతి చూస్తారు, ఆ తరవాతే ట్యాబ్ టెండరు.

కరోనాతో బళ్లు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా ఆన్‌లైన్ తరగతులు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి పాఠాలు ప్రసారం చేసింది. ఇంట్లో టీవీ ఉన్నవాళ్లకు అది ఊరట. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఒకే స్మార్ట్‌ఫోన్, అదీ తండ్రితో పాటు పనికి వెళ్లేది. అన్న తొమ్మిది, చెల్లి నాలుగు అయితే ఫోను ఎవరికి ముందు దక్కుతుందో తెలుగు ఇళ్లకు చెప్పనక్కరలేదు. ఆ తరవాత ఫోన్లు ఇంటింటికీ చేరాయి. 2024 ‘అసర్’ విద్యా సర్వే నివేదిక ప్రకారం దేశంలోని గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతంలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దాన్ని వాడడం వచ్చిన పిల్లల్లో వారంలో ఒక్కసారైనా చదువు పనికి వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. అదే నివేదికలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. పరికరం చేరడంలో ఉన్న లోటు తగ్గింది. పాఠం చేరడంలో ఉన్న లోటు అలాగే ఉంది.

టీచర్ల సంగతికి వస్తే, ఈ పదేళ్లలో వాళ్ల చేతిలోని ఫోనుకు ప్రభుత్వాలు అప్పగించిన పని ఏమిటో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫొటో, మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్క, పిల్లల హాజరు, చివరికి 2022 ఆగస్టులో టీచరు ముఖం చూపించి వేసే హాజరు. ఒక్కోదానికీ ఒక కారణం ఉంది, శుభ్రమైన మరుగుదొడ్డి ఆడపిల్లల చదువుకు అవసరం కూడా. కాని సిగ్నల్ కోసం బడి ఆవరణలో ఫోను ఎత్తి పట్టుకుని తిరిగే పది నిమిషాలు మొదటి పీరియడ్ లోంచే పోతాయి. ఆ ఫోను పైవాళ్లకు లెక్క చెప్పడానికే పుట్టినట్టు ఉంటే, పాఠానికి పనికొస్తుందన్న ఆలోచన టీచరుకు ఎలా కలుగుతుంది? తరగతి గదిలో సాంకేతికత గురించి మాట్లాడేవారు టీచర్ల విముఖతను ఫిర్యాదుగా చెబుతారు. ఆ విముఖతకు ఇలాంటి చరిత్ర ఉంది.

కెన్యాలో కిసుము ప్రాంతంలో జరిగిన పరీక్ష ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. కొన్ని బళ్లలో పిల్లలకు ఈ-రీడర్లు, కొన్నింట టీచర్లకు ట్యాబ్‌లు, మరికొన్నింట బడులు తిరిగి టీచర్లకు తోడ్పడే పర్యవేక్షకులకు మాత్రమే ట్యాబ్‌లు ఇచ్చారు. అన్ని చోట్లా చదవడం మెరుగైంది. పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలం మాత్రం పర్యవేక్షకుల దగ్గర వచ్చింది. ఆ పర్యవేక్షకుడు తరగతిలో వెనక కూర్చుని పాఠం చూసి, ఇద్దరు ముగ్గురు పిల్లల చేత చదివించి, నిమిషానికి ఎన్ని మాటలు చదివారో ట్యాబ్‌లో నమోదు చేసి, బయటికి వచ్చాక టీచరుతో మాట్లాడతాడు. మన దగ్గర ఆ స్థానంలో కాంప్లెక్స్ హెచ్‌ఎంలు, క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు ఉన్నారు. వాళ్ల సంచిలో ఇప్పుడు ఎక్కువగా ఉండేవి నమోదు పత్రాలే.

కేరళ మరో దారి పట్టింది. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ కార్యక్రమం తరవాత ‘కైట్’ సంస్థగా మారింది. బళ్లలో కంపెనీల లైసెన్సు సాఫ్ట్‌వేర్ బదులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పెట్టి, శిక్షణ ఇచ్చే బాధ్యత తోటి టీచర్లకే అప్పగించింది. 45 వేల తరగతి గదులను హైటెక్ చేస్తూనే, ‘లిటిల్ కైట్స్’ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి యంత్రాల బాగోగులు చూసే పనిలో వాళ్లనూ కలుపుకున్నది. ఒక ప్రొజెక్టరు పాడైతే ఎవరిని పిలవాలో ఆ బడి పిల్లలకు తెలుసు. ఈ చిన్న వివరమే ఆ రాష్ట్రాన్ని మిగతావారి నుంచి వేరు చేస్తుంది.

తెలంగాణకూ చెప్పుకోదగ్గ అనుభవం ఉంది. 2015లో టాటా ట్రస్ట్స్, అమెరికాలోని ఎంఐటీ, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ కలిసి ‘క్లిక్స్’ అనే కార్యక్రమం ప్రారంభించాయి. ఛత్తీస్‌గఢ్, మిజోరం, రాజస్థాన్‌లతో పాటు తెలంగాణ ఉన్నత పాఠశాలల్లో అది నడిచింది. నెట్ లేకున్నా బడిలోని సర్వరు మీద పనిచేసేలా పాఠాలు కట్టారు, వాటిని తెలుగులోనూ ఇచ్చారు. పిల్లలు ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురుగా ఒక కంప్యూటరు ముందు కూర్చుని వాదించుకోవాలని రూపకర్తల ఉద్దేశం. త్రిభుజం మూడు కోణాల మొత్తం ఎప్పుడూ 180 డిగ్రీలేనా అని ఒకరు లాగి చూస్తుంటే మరొకరు కాదనడం, మూడోవాడు కొలవడం. ట్యాబ్ ఒక్కొక్కరికీ ఒకటి ఇస్తే ఈ వాదన జరగదు. అది పంచుకున్నప్పుడే పాఠం పిల్లల నోట్లోకి వస్తుంది. యునెస్కో ఈ పనికి 2017 సంవత్సరపు కింగ్ హమద్ పురస్కారం ఇచ్చింది. కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా అందించే ‘ఫెట్’ ప్రయోగాలు కూడా తెలుగులో దొరుకుతాయి. బల్బు, తీగ, బ్యాటరీ కలిపి సర్క్యూట్ కట్టే పాఠానికి ల్యాబ్ లేని హైస్కూలు టీచరుకు అవి పెద్ద దిక్కు.

మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా పరితేవాడి బడి కూడా గుర్తు చేసుకోవాలి. అక్కడ టీచరు రంజిత్‌సిన్హ్ డిసాలే పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు పెట్టి 2020లో ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారం పొందారు. పత్రికలు క్యూఆర్ కోడ్ గురించే రాశాయి. ఆయన ముందు చేసిన పని వేరు: ఊరి పిల్లలు ఇంట్లో కన్నడం మాట్లాడతారని తెలిసి, తానే కన్నడం నేర్చుకుని పాఠాలను ఆ భాషలోకి తెచ్చారు. పర్లాకిమిడి మాస్టారు చేసిన పనికి ఇంత దగ్గరగా వచ్చిన మరో బడిపంతులు ఈ కాలంలో కనిపించడం అరుదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది, అందులో సవర కూడా ఉంది. పిల్ల పైకి చదువుతుంటే విని తప్పు దిద్దే గూగుల్ ‘రీడ్ అలాంగ్’ యాప్‌కు తెలుగు వచ్చింది. సవర రాలేదు, కువి రాలేదు, కొండ రాలేదు. పాడేరు, సీతంపేట బళ్లలో ఒకటో తరగతి పిల్లకు ఆ యాప్ ఇంకా పరాయిదే.

స్వీడన్ 2023లో చిన్న తరగతుల్లో తెరలు తగ్గించి అచ్చు పుస్తకాలకు 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించింది. నాలుగో తరగతి చదువు పరీక్షలో ఆ దేశపు సగటు 2016లో 555, 2021లో 544. ఆ తగ్గుదలకు తెరలే కారణమని తేల్చలేం, మధ్యలో కరోనా ఉంది. అయినా ఏడేళ్ల పిల్ల అక్షరాలు చేత్తో రాయాలి, పుస్తకం పేజీ తిప్పాలి అన్న వాళ్ల పట్టుదల సరైనదే. ఒకటి నుంచి మూడు తరగతుల్లో గుణింతాలు, వత్తులు పలక మీదే దిద్దాలి.

2025లో తెలంగాణ ప్రభుత్వం బెంగళూరుకు చెందిన ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో కొన్ని ప్రాథమిక బళ్లలో కృత్రిమ మేధ ఆధారంగా చదవడం, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలుపెట్టింది. ఇది విస్తరించే ముందు మండల విద్యాధికారి దగ్గర నాలుగు సంగతులు రాతపూర్వకంగా ఉండాలి. వెనకబడ్డ పిల్లలు వారంలో ఏ పీరియడ్‌లో కంప్యూటరు ముందు కూర్చుంటారు, ఆ పీరియడ్ ఎవరి పాఠం నుంచీ తీసుకున్నది కాకూడదు. పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో యంత్రం చెప్పిన సమాచారం టీచరుకు తెలుగులో, ఒక్క పేజీలో, ఆ వారమే అందుతుందా. ఆ సమాచారం పిల్ల పేరుతో ఏ కంపెనీ దగ్గరైనా మిగిలిపోతుందా. పరికరం పాడైతే బాగుచేయడానికి బడి ఖాతాలో ఏటా ఎంత జమ అవుతుంది. ఈ నాలుగింటికీ జవాబులు ఉన్న మండలంలో పదిహేను ట్యాబ్‌లు చాలు. లేని మండలంలో ఐదు వందలు పంచినా, జూన్‌లో బళ్లు తెరిచే సరికి వాటిలో ఎన్ని ఛార్జ్ అవుతున్నాయో లెక్కపెట్టే మరో యాప్ టీచరు ఫోనులో చేరుతుంది.